మాస్కు దించింది ఎవరు

ఈ ఉద్యోగంలో సూది వెయ్యడం నేర్చుకోవడానికి వారం చాలు. ఒక ఇంటి గుమ్మంలో ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో నేర్చుకోవడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది. అది కూడా పూర్తిగా వచ్చిందని గట్టిగా చెప్పలేను.

నా పేరు వరలక్ష్మి. రామచంద్రపురం పక్కన ఒక సబ్‌సెంటర్లో ఏఎన్ఎం నర్సుగా చేరి, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఇప్పుడు గ్రామ సచివాలయాల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోను చేసి, ఫీల్డులో ఎలా నెగ్గుకురావాలండి అని అడుగుతుంటారు. ఏ రిజిస్టరు ఎలా రాయాలో మీ ఆఫీసులో చెబుతారు, ఆ సంగతులు నేను రాయను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు జానెడు గుడ్డముక్క నాకు ఏం నేర్పిందో రాస్తాను. అందులో నేను చేసిన తప్పులు రెండు ఉన్నాయి. చేసింది నేను, పడింది ఇంకొకరు. అందుకే ఇది దాచుకునే సంగతి కాదనిపించింది.

తువ్వాలు తెలియని ఊరు కాదు

ఆ రోజుల్లో జూమ్ మీటింగుల్లో పెద్ద అధికారులు ఒకే పాట పాడేవారు. పల్లెటూరి జనానికి మాస్కు అలవాటు లేదు, అవగాహన కల్పించండి అని. నాకు నవ్వొచ్చేది. మా డెల్టాలో నూర్పిడి మిషను ఆడుతుంటే ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకోని కూలీ ఎక్కడున్నాడు? చేనుకి పురుగుమందు కొట్టేవాళ్లు, రైస్ మిల్లులో ఊక దగ్గర పనిచేసే ఆడవాళ్లు, రాజమండ్రి బ్రిడ్జి మీద స్కూటీ నడిపే కాలేజీ పిల్లలు, అందరూ కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చుట్టుకునే తిరుగుతారు. వాళ్లకి ఎవరూ అవగాహన కల్పించలేదు. మీదే పార్టీ అని వాళ్లని ఎవరూ అడగనూ లేదు.

కానీ మనిషి ఎదురుపడగానే అదే తువ్వాలు మొహం మీంచి జారుతుంది. పొలం నుంచి వచ్చిన కూలీ ఆసామి అరుగు దగ్గరికి రాగానే దాన్ని విప్పి చేత్తో పట్టుకుంటాడు. పెళ్లికి పిలవడానికి వచ్చిన ఆడవాళ్లు బొట్టు పెట్టేటప్పుడు మొహంలో నవ్వు కనపడాలి. దుమ్ముకి అడ్డం కట్టుకుంటే అది జాగ్రత్త. ఎదుటి మనిషికి అడ్డం కట్టుకుంటే, నీ దగ్గర వాసనొస్తోందని మొహం మీదే చెప్పినట్టు. మా దగ్గరికి వచ్చిన పోస్టర్లలో ఈ సంగతి ఒక్కదాంట్లోనూ లేదు.

ఇది పట్టించుకోకుండా, జనం మొండివాళ్లని తిట్టుకుంటూ తిరిగిన ఉద్యోగులని చాలామందిని చూశాను. జనానికి బుర్ర లేదనుకునే మనిషి ఈ పనికి పనికిరాడు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అలా అనిపించే వాళ్లు వేరే శాఖ చూసుకోవడం మంచిది.

మా పాత సారు

నేను చేరిన కొత్తలో టీబీ కేసులు చూసే సూపర్‌వైజరు ఒకాయన ఉండేవారు. సైకిలు మీద ఊరూరూ తిరిగేవారు. రోగి ఇంటికి వెళితే నేరుగా ఆ మంచం మీదే కూర్చుని, భుజం మీద చెయ్యేసి, ముందు వ్యవసాయం సంగతులు మాట్లాడి, ఆ తర్వాత మాత్రలు తీసేవారు.

ఒకసారి నాతో పాటు చేరిన అమ్మాయి ఒక రోగి ఇంట్లో చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆ రోగి మాత్రలు తీసుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఇంట్లో లేడనిపించాడు. తిరుగుదారిలో సారు సైకిలు దిగి ఆ అమ్మాయితో, "చూడమ్మా, ఆయన్ని దగ్గు కన్నా నీ కొంగు ఎక్కువ బాధపెట్టింది. నువ్వు మొహం దాచుకున్నావు, ఆయన రోగం దాచుకున్నాడు" అన్నారు.

ఆ మాట నాకు బాగా పట్టేసింది. ఇరవై ఏళ్ల పైన అదే పద్ధతిలో పనిచేశాను, మంచి పేరు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సారు చెప్పింది సగమే రైటు. గాలిలో వచ్చే జబ్బుకి మర్యాదలు తెలియవు. ఆయనకి ఏమీ కాలేదంటే అది ఆయన అదృష్టం. ఆ రోగిని పెరట్లో గాలి ఆడే చోట కూర్చోబెట్టి, కాస్త ఎడంగా కూర్చుని, ఇద్దరమూ మొహాలు తెరుచుకునే మాట్లాడుకోవచ్చు. ఆ చిన్న ఉపాయం మా ఎవరికీ తట్టలేదు. మంచి మనిషి నేర్పిన పాఠం కదా అని దాన్ని తిరగేసి చూడలేదు.

పేటలో మొదటి రోజు

నేను చెప్పబోయే ఊరి పేరు రాయను. అక్కడ ఆశా వర్కరు రూతు. ఊరి చివర దళితుల పేటలో పుట్టి, అక్కడే ఉంటున్న మనిషి. ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు పాడేది. గొంతు బాగుంటుంది, ఎదురు చెప్పేటప్పుడు ఇంకా బాగుంటుంది. ముప్పై నాలుగేళ్లలో నా కింద పనిచేసిన వాళ్లలో నాకు పని నేర్పింది ఆమె ఒక్కతే.

జ్వరాల సర్వేకి మొదటి రోజు నలుగురం మాస్కులూ గ్లౌజులూ వేసుకుని పేటలోకి వెళ్లాం. మిషన్ స్కూల్లో మాస్టరుగా చేసి మానేసిన పెద్దాయన ఒకరు ఇంటిముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"రండమ్మా. మమ్మల్ని చూసి ముక్కు మూసుకునే రోజులు పోయాయనుకున్నాను. మళ్లీ వచ్చాయన్నమాట" అన్నారు.

కోపంగా అనలేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఆయన తండ్రి, తాత ఎవరెవరు ముక్కుకి పైపంచె అడ్డం పెట్టుకుని ఆ పేట దారిలో నడవడం చూసి ఉంటారో నాకు తెలుసు. నేను పుట్టింది అలా నడిచే ఇళ్లలోనే. మాది పాలకొల్లు దగ్గర వ్యవసాయ కుటుంబం.

రూతు సంచిలోంచి కొత్త మాస్కు తీసి ఆయన చేతిలో పెట్టింది. "మాస్టారూ, మీ గాలి మాకు తగులుతుందని కాదండి మేం కట్టుకుంది. ఊరంతా తిరిగొచ్చేది మేమండి. మా గాలి మీకు తగలకూడదని కట్టుకున్నాం. ఇది మీకండి" అంది.

ఆయన కళ్లజోడు తీసి, మాస్కు పెట్టుకుని, మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. "అయితే సరే" అన్నారు.

అప్పటి నుంచి మా పద్ధతి అదే. నేను జబ్బు మోసుకొచ్చి ఉండవచ్చు అని మనం ముందు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఎదుటివాళ్లని అడగాలి. పాస్టరు గారు కూడా ఆరాధనలో అదే మాట చెప్పారు. పది రోజుల్లో పేటలో మాస్కు లేని మొహం లేదు. పీహెచ్‌సీ మీటింగులో డాక్టరు గారు మెచ్చుకుంటే ఆ మెప్పు నేను తీసుకున్నాను. రూతు పేరు చెప్పాను కానీ చివర్లో చెప్పాను.

రంగు మాస్కులు

పంచాయతీ ఎన్నికలు అయిన కొత్త. ఊరు రెండుగా చీలి ఉంది. గెలిచిన సర్పంచి గారి వర్గం ఒకవైపు, ఓడిపోయిన సత్తిబాబు గారి వర్గం ఇంకోవైపు. సత్తిబాబు గారిది పెద్ద వ్యవసాయం. రైతుల వీధిలో సగం ఇళ్లు ఆయన మాట మీదే నడుస్తాయి.

ఊరంతటికీ పంచడానికి పైనుంచి మాస్కులు ఇంకా రాలేదు. సర్పంచి గారు మూడు అట్టపెట్టెల మాస్కులు సొంతంగా తెప్పించి పంచమన్నారు. వాటికి ఆయన పార్టీ రంగు అంచు ఉంది. ఏ రంగో రాయను, రాస్తే ఇప్పుడు కూడా ఫోన్లొస్తాయి. అట్టపెట్టె మీద ఆయన దండం పెడుతున్న బొమ్మ ఉంది.

రూతు ఒక మాస్కు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "మేడం గారండి, ఇవి సత్తిబాబు గారి వీధిలోకి తీసుకెళ్తే ఒక్కరు కూడా పెట్టుకోరండి. పైగా నన్ను సర్పంచి గారి మనిషి అంటారండి" అంది.

"జబ్బుకి పార్టీ ఏంటి రూతూ? ముక్కుకి పెట్టుకునేదానికి కూడా రాజకీయమేనా? ఉన్నవి పంచేసెయ్యి" అన్నాను. ఇది నా మొదటి తప్పు. ఆ వీధుల్లో పుట్టి పెరిగిన మనిషి చెబుతుంటే, నేను మీటింగులో విన్న మాట ఆమెకి అప్పజెప్పాను.

రూతు ఇల్లిల్లూ తిరిగి పంచింది. మూడో రోజు కాలవ గట్టు మీద సత్తిబాబు గారి వర్గం కుర్రాళ్లు ఒక గేదె దూడని తోలుకుపోతున్నారు. దాని మూతికి చిక్కం కట్టాల్సిన చోట సర్పంచి గారి మాస్కు కట్టారు. టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. స్కూటీ స్టార్టు చేసి రెండు ఫర్లాంగులు వెళ్లాక గానీ ఏం జరిగిందో నాకు తలకెక్కలేదు.

ఆ రోజు నుంచి మాస్కు పెట్టుకున్నవాడు సర్పంచి మనిషి, పెట్టుకోనివాడు సత్తిబాబు మనిషి. అంతకుముందు తువ్వాలు చుట్టుకుని తిరిగినవాళ్లు కూడా ఆ వీధిలో తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. అటు సర్పంచి గారు మాత్రం తక్కువ తిన్నారా? మాస్కుల పంపిణీ ఫోటోల్లో మొహం తెలియదని తన మాస్కు గడ్డం కిందికి దించుకున్నారు. ఆయన్ని చూసి ఆయన వర్గం కూడా దించింది. చివరికి ఊరు మొత్తం మీద మాస్కు సరిగ్గా పెట్టుకునేది పేట ఒక్కటే మిగిలింది.

డాక్టరు గారు వయసులో నా కూతురంత ఉంటారు. అంతా విని, "వరలక్ష్మి గారు, మీరు పంచినవి మాస్కులు కావండి, కండువాలు" అన్నారు. నా ఉద్యోగంలో అంతకన్నా గట్టిగా తిట్టిన బాసు లేరు.

సత్తిబాబు గారి హాలు

నా తప్పు నేనే దిద్దుకోవాలనుకున్నాను. టైలరు చేత రంగూ అంచూ లేని తెల్ల గుడ్డ మాస్కులు కుట్టించి, రూతుని వెంటబెట్టుకుని సత్తిబాబు గారింటికి బయల్దేరాను. ఆయన ఒప్పుకుంటే వీధి మొత్తం ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఇంట్లో వాళ్లమ్మగారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, ఏళ్ల తరబడి ఆయాసం. ఊరంతా మామ్మ గారనే పిలుస్తారు. ఆ ఇంటికి జబ్బు వస్తే ముందు పట్టుకునేది ఆవిడనేనని నాకు తెలుసు.

ఆ ఉదయం నాకు గొంతు గరగరగా ఉంది. వారం రోజులుగా అరిచి అరిచి మాట్లాడుతున్నాను కదా, దానివల్ల అనుకున్నాను. వేరే ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే ఇంట్లోంచి కదలొద్దని కసిరేదాన్ని.

ఎండకి తలుపులు దగ్గరగా వేసి, హాల్లో ఏసీ పెట్టుకుని కూర్చున్నారు. నేను లోపలికి వెళ్లాను. రూతు మెట్ల కింద ఆగిపోయింది. ఆగమని ఎవరూ చెప్పలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"రండి వరలక్ష్మి గారు, కూర్చోండి. ఏంటండి, మా ఇంటికొచ్చి కూడా మొహానికి అడ్డమేనా? మేమేమైనా అంటరానివాళ్లమా?" అన్నారు సత్తిబాబు గారు నవ్వుతూ.

తలుపు ఇంకా పూర్తిగా పడలేదు. రూతుకి ఆ మాట వినపడే ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు అందులో వింతేమీ తోచలేదు.

మడత కుర్చీలో ఉన్న మామ్మ గారు కళ్లు చికిలించి చూశారు. "ఎవరే, వరలక్ష్మా? మొహం కనపడకపోతే ఎవరో తెలిసి చావట్లేదమ్మా. అది తీసి ఒకసారి ఇటు తిరుగు" అన్నారు.

నేను మాస్కు దించాను. ఆలోచించకుండా దించాను. పెద్దావిడ అడిగింది, మా పాత సారు నేర్పింది అదే, నా పుట్టింటి అలవాటు కూడా అదే. ఈలోగా సత్తిబాబు గారి భార్య కుమారి గారు కాఫీ తెచ్చారు. మామ్మ గారి పుట్టిల్లు కూడా పాలకొల్లే. గుడి వీధిలో ఏ కొట్టు ఎక్కడుండేదో, ఎవరి పిల్లని ఎవరికి ఇచ్చారో, చెవులు సరిగ్గా వినపడని మనిషి కదా అని దగ్గరగా వంగి చెప్పాను. ముప్పావు గంట కూర్చున్నాను.

లేచేసరికి సత్తిబాబు గారు తెల్ల మాస్కు చేతిలోకి తీసుకుని చూశారు. "ఇవైతే పర్లేదండి. ఇలా ఇవ్వండి, మా వీధివాళ్లకి నేను చెప్తాను" అన్నారు. నేను గెలిచినట్టే లెక్క. ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను.

మెట్ల కింద రూతు ఎండలో అలాగే నిలబడి ఉంది, ముక్కు మీద మాస్కు ముక్కు మీదే ఉంది. నా మెడ దగ్గర వేలాడుతున్న మాస్కు వైపు చూసి, "తీశారేంటండి?" అంది.

"పెద్దావిడ అడిగితే ఎలా కాదంటాం?" అన్నాను. ఆమె సంచి భుజానికెత్తుకుని ముందు నడిచింది.

ఎవరు తెచ్చారు

మర్నాటి సాయంత్రానికి నాకు జ్వరం. టెస్టులో పాజిటివ్. రామచంద్రపురంలో మా ఇంట్లో వెనక గదిలో పడుకున్నాను. నాలుగో రోజు మామ్మ గారికి జ్వరం మొదలైందనీ, ఆరో రోజు ఆయాసం ఎక్కువై రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారనీ తెలిసింది. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. లెక్క సరిగ్గా సరిపోయింది.

ఊళ్లో లెక్క వేరేగా వేశారు. సర్పంచి మాస్కులు పంచిన మనిషి రూతు. పేటలో పుట్టిన మనిషి, ఇల్లిల్లూ తిరిగే మనిషి, ఆ రోజు వాళ్ల గుమ్మం దాకా వచ్చిన మనిషి. ఇంకేం కావాలి? జబ్బు ఆమే మోసుకొచ్చిందన్నారు. ఆ వీధిలో అడుగు పెట్టొద్దన్నారు. ఆమెని ఆశా పనిలోంచి తీసెయ్యాలని అర్జీ రాస్తున్నారని తెలిసింది. ఆమె టెస్టు చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. అది సర్పంచి చెప్పి రాయించిన రిపోర్టన్నారు. సర్పంచి గారేమో, మా ఆశాని వాళ్లు వేధిస్తున్నారని అదొక గొడవ చేసి, ఆమెని ఇంకా ఇరుకున పెట్టారు.

రూతు నాకు ఫోను చేసింది. భర్త లేని మనిషి, ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ పని మీదే నడుస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"మేడం గారండి, నేను మాస్కు తియ్యలేదు కదండి. మీరు చూశారు కదండి" అంది.

"చూశాను రూతూ" అన్నాను.

అంతే అన్నాను. జబ్బు నా వల్లే వెళ్లి ఉంటుందన్న మాట మాత్రం చెప్పలేదు. ఆమె "ఒళ్లు జాగ్రత్తండి" అని పెట్టేసింది.

సత్తిబాబు గారు కూడా ఫోను చేశారు, పరామర్శకి. "మీకు కూడా ఆ రూతు వల్లే వచ్చి ఉంటుందండి" అన్నారు. "ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరండి" అన్నాను నేను. అబద్ధం కాదు. పిరికివాళ్లకి అలాంటి నిజాలు బాగా దొరుకుతాయి. నాలుగు రోజులు, ఐదు రోజులు, అలా గడిచిపోయాయి. జ్వరం తగ్గింది. అయినా నేను ఫోను చెయ్యలేదు. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. ఊరూరా సన్మానాలు చేస్తామంటున్నారు. మామ్మ గారికి ఏమైనా అయితే నా పేరు ఏమవుతుందా అని ఆలోచించాను. రూతు పేరు ఏమవుతోందో ఆలోచించడానికి చాలా రోజులు పట్టింది.

అరుగు మీద

క్వారంటైన్ రోజులు పూర్తయ్యాక సత్తిబాబు గారింటికి వెళ్లాను. అరుగు మీద ఆయనా, ఇంకో నలుగురు పెద్దమనుషులూ ఉన్నారు. కుర్చీ మీద అర్జీ కాగితం ఉంది, సంతకాలు పెడుతున్నారు. నేను మెట్ల కిందే ఆగిపోయాను.

"పైకి రండి, ఫర్లేదు" అన్నారు సత్తిబాబు గారు.

"ఇక్కడి నుంచే చెప్తానండి. మామ్మ గారికి జబ్బు నా వల్ల వచ్చి ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే నాకు గొంతు బాగోలేదు. అయినా మీ హాల్లో మాస్కు తీసి ముప్పావు గంట ఆవిడ పక్కన కూర్చున్నాను."

నన్ను తిడతారనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన జాలిగా నవ్వారు.

"ఊరుకోండి వరలక్ష్మి గారు. రూతు పని పోతుందని మీ మీద వేసుకుంటున్నారు. మీ మనసు మాకు తెలియదా?"

పక్కనున్న పెద్దమనిషి అందుకున్నారు. "మీలాంటి వాళ్లు శుభ్రంగా ఉంటారు కదండి. మీ వల్ల ఎందుకొస్తుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నిజం చెబుతున్నా వాళ్లు నమ్మరు, ఎందుకంటే నేను వాళ్ల మనిషిని. రూతు నిజం చెప్పినా నమ్మరు, ఎందుకంటే ఆమె వాళ్ల మనిషి కాదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా మాట చెల్లిన ప్రతి గుమ్మమూ అప్పుడు కళ్ల ముందు కదిలింది.

"జ్వరం నాది, పాజిటివ్ నాది. ఆమెకి నెగెటివ్ వచ్చింది. మీకు ఇంకేం కావాలండి?" అన్నాను. "ఆ రోజు రూతు మీ గుమ్మం దాటి లోపలికొచ్చిందా?"

సంతకం పెట్టబోతున్న ఒకాయన పెన్నుకి మూత పెట్టారు.

"మాస్కు ఒక్కసారైనా తీసిందా?"

ఈసారి జవాబు గుమ్మంలోంచి వచ్చింది. కుమారి గారు ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి వింటున్నారో నేను గమనించలేదు.

"తియ్యలేదండి. ఎందుకు తీస్తుంది? వరలక్ష్మి గారికి నేను కాఫీ ఇచ్చాను. రూతుకి మనం మంచినీళ్లు కూడా ఇవ్వలేదు కదా" అన్నారు. మొగుడి వైపు చూసి కాదు, నేల వైపు చూసి అన్నారు.

సత్తిబాబు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అది మండలానికి వెళ్లలేదు. ఆ తర్వాత తెల్ల మాస్కు మొదట పెట్టుకున్నది ఆయనే. నాతో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు, అందులో తప్పేమీ లేదు. మామ్మ గారు దాదాపు మూడు వారాలకి ఇంటికొచ్చారు. సగం మనిషి అయిపోయారు. క్షమించమని అడిగితే, "తియ్యమన్నది నేను, నిన్నేమంటానే" అన్నారు. ఆవిడ పెద్ద మనసు అది. మీరు మాత్రం దాన్ని నమ్ముకోకండి. పెద్దవాళ్లు తియ్యమంటారు, తియ్యకుండా ఉండటం మన ఉద్యోగం. "మీ మీద గౌరవంతోనే పెట్టుకున్నానండి, అరుగు మీద కూర్చుందాం రండి" అంటే ఎవరూ కొట్టరు. ఆ వాక్యం నాకు ముప్పై నాలుగేళ్లకి దొరికింది, మీరు మొదటి రోజునే వాడండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. జనం మాస్కు పెట్టుకోలేదని మనం లెక్కలు రాశాం. ఎవరు ఎవరి ముందు మొహం తెరవాలో, ఎవరు ఎక్కడ ఆగిపోవాలో ఊరు ముందే రాసి పెట్టుకుంది. జబ్బు ఆ దారుల్లోనే నడిచింది. నింద మాత్రం ఎదురు దారిలో నడిచింది.

సత్తిబాబు గారింటి నుంచి నేరుగా పేటకి వెళ్లాను. రూతు ఇంటిముందు బట్టలు ఆరేస్తోంది. అరుగు మీద జరిగిందంతా చెప్పాను. "ఇక నీ మీద మాట రాదు" అన్నాను. థాంక్స్ చెబుతుందని లోపల ఎక్కడో ఉంది, దాచడమెందుకు.

ఆమె తడిచీర దులిపి తీగ మీద వేసింది. "ఆ మాట చెప్పడానికి మీకు ఇన్ని రోజులు పట్టిందేంటండి?" అంది.

ఒంట్లో బాగోలేదని చెప్పవచ్చు. కానీ ఫోను దిండు పక్కనే ఉందని ఆమెకి తెలుసు.

"భయమేసింది రూతూ."

"నాకూ వేసిందండి" అంది. "వీధిలోకి రావద్దన్నారు కదా, కానీ అక్కడ ఇంకో నాలుగిళ్లలో జ్వరాలున్నాయి కదా మేడం గారండి. మాత్రలు రోజూ ఆ వీధి మొదట్లో గోడ మీద పెట్టి, ఫోను చేసి వచ్చేసేదాన్నండి."